దించిన మూడు మెట్లు

దస్తగిరికి ముందరి పళ్ళు రెండు లేవు. ఇరవయ్యో ఏట ఎర్రగుంట్ల దగ్గర బస్సులోంచి జారిపడి పోగొట్టుకున్నాడు. ఇంకొకడైతే కట్టుడుపళ్ళు పెట్టించుకుని ఆ సంగతే మరిచిపోయేవాడు. దస్తగిరిది సన్నాయి వాయించే దూదేకుల ఇల్లు కాబట్టి మరిచిపోయే వీలు లేకపోయింది. జమ్మలమడుగు చుట్టుపక్కల ఊళ్ళలో దేవుడి తేరు కదలాలన్నా, పెళ్ళిలో తాళి కట్టాలన్నా వాళ్ళ నాన్న కాశింసాబు ఊదాల్సిందే. ఆయన తర్వాత ఊదాల్సినవాడు దస్తగిరి. పళ్ళు లేని నోట్లో సన్నాయి పీక నిలవదు, కట్టుడుపళ్ళు ఆ ఒత్తిడికి ఆగవు, గాలి పక్కలకు పోతుంది. ఆరు నెలలు తంటాలు పడ్డాక ఒకనాడు కాశింసాబు కొడుకు చేతిలోంచి సన్నాయి తీసుకుని, తుడిచి, గుడ్డసంచిలో పెట్టేశాడు. తిట్టనైనా తిట్టలేదు.

నోరు పోయింది గానీ చెవులు పోలేదు కదా. పదేళ్ళపాటు కూర్చోబెట్టి తండ్రి పట్టించిన శ్రుతి వాటిలో అలాగే ఉండిపోయింది. ఏ పనికీ రాని చెవులు మనిషిని ఎంత విసిగిస్తాయో వాటితో కాపురం చేసినవాడికే తెలుస్తుంది. పెళ్ళి బ్యాండువాడు ఒక్క స్వరం అటూ ఇటూగా ఊదితే చాలు, దస్తగిరికి ముద్ద దిగేది కాదు. "కూటికాడ గూడా నీ వంకలేందయ్యా" అని భార్య మదార్బీ విసుక్కునేది.

రియాద్‌కు వచ్చాక ఆ బాధ తప్పింది. సులై అనే పేటలో ఒక ఫర్నిచర్ వర్క్‌షాపులో తొమ్మిదేళ్ళు మంచాలకూ సోఫాలకూ పాలిష్ పట్టాడు. రంపం మిషన్ల రొదలో శ్రుతీ లేదు, అపశ్రుతీ లేదు, హాయిగా ఉండేది. ఆ తర్వాత రోజులు మారాయి. ఊళ్ళో సంగీతం బళ్ళు బాహాటంగా తెరిచారు. వర్క్‌షాపు యజమాని గాలి ఎటు వీస్తోందో పసిగట్టే మనిషి, సోఫాల పక్కనే పియానోలు పెట్టాడు. జపాన్ నుంచి వాడేసిన పియానోలు కంటైనర్లలో దిగేవి. తేమకు అలవాటుపడిన కర్ర ఈ ఎడారి గాలికి ఎండి, తీగలు సడలి, నెల తిరక్కుండా ఏ తీగ గొంతు దానిదయ్యేది. వాటిని సరిచెయ్యడానికి రామోన్ అనే ఫిలిప్పీన్స్ ఆయన ఉండేవాడు. ఒకరోజు పాలిష్ పడుతున్న దస్తగిరి తల ఎత్తకుండానే "ఆ తీగ ఇంకా కింద ఉంది" అన్నాడు. రామోన్ సూటిగా వచ్చి, అతని చేతిలో గుడ్డ లాగేసి చావి పెట్టాడు. తీగలు బిగించే పొడుగు పిడిని వాళ్ళు చావి అంటారు.

రెండేళ్ళు పని నేర్పి రామోన్ ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే మళ్ళీ రాకుండా, తన దేశం వెళ్ళిపోయాడు. వెళ్తూ ఒక్కటే చెప్పాడు, చెవిని నమ్మకు, సూదిని నమ్ము అని. ఫోన్లో ఒక యాప్ ఉంటుంది. పియానో మెట్టు నొక్కితే తెర మీద సూది కదులుతుంది. సరిగ్గా మధ్యలో నిలిస్తే పచ్చగా వెలుగుతుంది, లేకపోతే ఎర్రగా. పని అయ్యాక ఎనభై ఎనిమిది మెట్లకూ ఎనభై ఎనిమిది పచ్చ ఫోటోలు తీసి ముదీర్‌కు, అంటే షాపు మేనేజరుకు, వాట్సాప్‌లో పంపాలి. అవి చూసే ఓపిక ముదీర్‌కు ఎక్కడిదో తెలియదు గానీ, ఒకటి తగ్గితే మాత్రం వెంటనే ఫోన్ వచ్చేది. దస్తగిరికి ఆ సూది మీద భక్తి కుదిరింది. చెవి ఉన్నవాడని సొంత ఊళ్ళో ఎవరూ గౌరవించలేదు. సూది నిలబెట్టేవాడని ఇక్కడ పెద్ద పెద్ద ఇంజనీర్లు కుర్చీ వేసి కూర్చోబెట్టి టీ ఇచ్చారు. పల్చటి కప్పుల్లో, సాసర్లతో సహా ఇచ్చారు.

అలాంటి ఇంజనీరు ఒకాయన కిందటి ఫిబ్రవరిలో ఫోన్ చేశాడు. పేరు రవూఫ్, అజర్‌బైజాన్ దేశస్థుడు, ఊరికి ఉత్తరాన విదేశీయులుండే కాంపౌండులో ఇల్లు. భార్య సెవ్దా పిల్లలకు పియానో చెబుతుంది. వాళ్ళ నాన్న పోతే షెకీ అనే సొంత ఊరికి వెళ్ళింది, నలభయ్యో దినం జరిపించుకుని వస్తుంది. వచ్చేసరికి పియానో సరిచేయించి ఉంచాలని రవూఫ్ ముచ్చట. నెల తిరిగితే కచేరీ ఉందట, అందులో తను సొంతంగా కట్టుకున్న బాణీ వాయిస్తుందట, పియానో చూస్తే ఏడాదిగా సరిచేసేవాడెవడూ ముట్టుకోనిది. ఎవరినీ ముట్టుకోనివ్వదు, అన్నాడు. ఎందుకు ముట్టుకోనివ్వదో ఆయన భార్యను అడగలేదు, ఆయన్ని దస్తగిరీ అడగలేదు. ఇద్దరు మగవాళ్ళు కలిసి ఒక ఆడమనిషికి చెప్పకుండా మేలు చెయ్యబోతే ఇలాగే ఉంటుంది.

దస్తగిరి పొద్దున్నే వెళ్ళి మూత తెరిచాడు. అనుకున్నట్టే ఉంది. కింది తీగలు దిగాయి, పై తీగలు బొంగురుపోయాయి. పియానోలో నడిమి మెట్లకూ పై మెట్లకూ మూడేసి తీగలుంటాయి, మూడూ ఒక్కటిగా పలకాలి. ఎండకు సడలినప్పుడు మూడూ మూడు దారులు పడతాయి. నడిమి మెట్లకు వచ్చేసరికి దస్తగిరి చెయ్యి ఆగింది. అక్కడ మూడు మెట్లు ఉండాల్సిన చోటుకంటే కొంచెం దిగువన పలుకుతున్నాయి. వెంట్రుకవాసి కంటే ఎక్కువ, అర స్వరం కంటే బాగా తక్కువ. కానీ ఒక్కో మెట్టులోని మూడు తీగలూ ఒక్క మాట మీద ఉన్నాయి. గాలి ఆ పని చెయ్యదు. ఎవరో కూర్చుని, విని, చేత్తో దించారు.

అతను ఆ మూడింటినీ ఒకదాని తర్వాత ఒకటి నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. వీపు నిటారైంది. కాశింసాబు తెల్లవారుజామున ఎత్తుకునే ఆలాపనలో ఒకచోట స్వరం తన స్థానంలో నిలవకుండా కిందికి వాలేది. ఏడవబోయి ఆపుకున్న గొంతులా ఉండేది. ఆ వాలు ఇదే. ఇది తప్పు కాదు అని దస్తగిరికి అప్పుడే, అక్కడే తెలిసింది. తెరమీద సూది మాత్రం ఎర్రగా వెలుగుతోంది.

అడుగుదామని లేచాడు. రవూఫ్ పక్క గదిలో తలుపు వేసుకుని ఆఫీసు మీటింగులో ఉన్నాడు. నాలుగింటికి దిరియాలో ఇంకో ఇంటి పియానో చూడాలి. ఈ మూడూ వదిలేస్తే ముదీర్‌కు ఎనభై అయిదు పచ్చ ఫోటోలే వెళ్తాయి, మూడు ఏమయ్యాయంటే ఏమని చెప్పాలి? మా నాన్న సన్నాయిలా ఉన్నాయి సార్ అనా? దస్తగిరి కూర్చుని చావి పెట్టాడు. ఒక్కో తీగనూ పైకి లాగాడు. సూది నడుమకు వచ్చింది, పచ్చ వెలుగు వచ్చింది. సాయంత్రానికి ఎనభై ఎనిమిది ఫోటోలు పంపితే ముదీర్ "ముమ్‌తాజ్" అని జవాబిచ్చాడు, భేష్ అని. పనికి ముందు ఎలా ఉన్నాయో ఫోటో తీసే అలవాటు షాపులో లేదు. ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

తొమ్మిది రోజుల తర్వాత సెవ్దా ఫోన్ చేసి రమ్మంది. మెచ్చుకోవడానికే అనుకుని దస్తగిరి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు.

ఆమెకు నలభై దాటి ఉంటాయి. నల్లబట్టల్లో ఉంది, కళ్ళు వాచి ఉన్నాయి. "నువ్వేనా చేసింది?" అని అడిగి, అతన్ని కూర్చోమని, తను పియానో ముందు కూర్చుంది. ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు అంతంతమాత్రం, మధ్యమధ్య అరబ్బీ ముక్కలు అతుకు వేసుకుంటూ మాట్లాడుకున్నారు. ఆమె వాయించింది. ఎడమ చెయ్యి బాకూ సంగీత కళాశాలలో నేర్పినట్టు, యూరప్ వాళ్ళ పద్ధతిలో, మెట్టు మెట్టుగా నిదానంగా నడుస్తోంది. కుడి చెయ్యి దాని మీద ఒక జోలపాట పాడుతోంది. వేళ్ళు ఒకే మెట్టును వణికినట్టు గబగబా కొట్టి, పక్కకు జారి, మళ్ళీ వచ్చి వాలుతున్నాయి. ఒకచోటికి రాగానే ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది, అక్కడే ఆగింది. మూడోసారి చేతులు ఒళ్ళో పెట్టేసుకుంది.

అప్పుడు చెప్పింది. ఆ జోలపాట షెకీలో వాళ్ళ అవ్వ పాడేది. నాన్న దాన్ని తార్ మీద వాయించేవాడు. తార్ అంటే గుండెకు ఆనించుకుని మీటే తీగల వాద్యం. కూతురు పియానో నేర్చుకుంటే ఆయనకు గర్వమే, కానీ ఒక ఫిర్యాదు ఉండేది. నీ పియానో బాగా మాట్లాడుతుందమ్మా, ఏడవలేదు, అనేవాడు. అంతకుముందు అక్టోబరులో రియాద్‌కు వచ్చి రెండు నెలలున్నాడు. అల్లుడు అప్పుడు జుబైల్‌లో సైటు పనిలో ఉన్నాడు. ఒక శుక్రవారం ముసలాయన చావి ఒకటి తెప్పించుకుని, తార్ ఒళ్ళో పెట్టుకుని, పొద్దుటినుంచి సాయంత్రందాకా కూర్చుని ఆ మూడు మెట్లూ దించాడు. ఇప్పుడు వాయించు, అన్నాడు. పియానో ఏడ్చింది. కానీ యూరప్ పద్ధతిలో ఎడమ చెయ్యి ఆ మెట్ల మీద పడితే చెవులు గింగురుమనేవి. అందుకని ఆమె ఎడమచేతి నడకంతా మార్చుకుంది. ఆ మూడింటినీ తప్పించుకుంటూ, వాటికి చోటిస్తూ మొత్తం కట్టుకుంది. సరిగ్గా వచ్చేదాకా రికార్డు చెయ్యకు, తప్పులు భద్రపరుచుకోకూడదు, అని నాన్న అన్నాడు. సరిగ్గా రావడానికి ముందే పోయాడు.

"నలభై రోజులూ అక్కడ ఒకటే అనుకున్నాను. ఇంటికెళ్తే పియానోలో నాన్న చేసిన మూడు మెట్లున్నాయి కదా అని" అంది సెవ్దా. తర్వాత అతని ముఖం చూసి, జాలిపడి, "నీ తప్పు కాదు ఉస్తా. నీకెలా తెలుస్తుంది?" అంది. ఉస్తా అంటే వాళ్ళ భాషలో పనితనం ఉన్నవాడు.

ఆమె కొట్టినా దస్తగిరి తట్టుకునేవాడు. ఆ జాలి తట్టుకోలేకపోయాడు. తెలుసు అనబోయి మాట మార్చాడు. "నేను మళ్ళీ దించి ఇస్తాను మేడమ్" అన్నాడు.

అది చెప్పినంత తేలిక కాదు. ఆ శుక్రవారం పొద్దున్నే వెళ్ళి, సూది ఆపేసి, చెవి మీద పని మొదలుపెట్టాడు. అతను కొంచెం దించుతాడు, ఆమె కళ్ళు మూసుకుని జోలపాట ఆ ముక్క వాయిస్తుంది, తల అడ్డంగా ఊపుతుంది. ఇంకొంచెం. కాదు. పైకి. దగ్గరికొచ్చావు, కానీ కాదు. నాన్న తార్ వాయించిన వాయిస్ మెసేజీలు ఆమె ఫోన్లో నాలుగున్నాయి. వాటిని పెట్టుకుని సరిపోల్చారు. తార్‌కు మెట్లు కర్రలో దిగ్గొట్టినవి కాదు, దండికి కట్టుకున్న దారాలు. ఆయన వాటిని రోజూ అటూ ఇటూ జరుపుకునేవాడు, నాలుగు మెసేజీల్లో స్వరం నాలుగు చోట్ల ఉంది. పైగా పియానోలో పక్కనున్న మెట్లతో గొడవపడకుండా ఆయన ఏదో రాజీ చేసి దించాడు, ఆ రాజీ ఏమిటో ఆయనకే తెలియాలి. రెండో శుక్రవారమూ అంతే. మధ్యాహ్నం దాకా యాభై సార్లు మార్చి ఉంటారు. రవూఫ్ రెండుసార్లు టీ పెట్టి తెచ్చి, తనే దొంగతనం చేసినట్టు తల దించుకుని వెళ్ళిపోయాడు.

ఆ మర్నాడు భోజనం వేళ మదార్బీ ఫోన్ చేసింది.

"ఏమయ్యా, గొంతు అట్లుండాదేమి? జరమొచ్చిందా?"

"జరం ల్యా, ఏం ల్యా" అన్నాడు. కానీ ఆమెకు అబద్ధం చెప్పడం అతనికి ఎప్పుడూ చేత కాలేదు. అంతా చెప్పాడు, నాన్న ఆలాపన గుర్తొచ్చిన సంగతితో సహా.

మదార్బీ అంది: "ఆయమ్మ నువ్వు తెలీక చేస్తివని అనుకుంటాంది. నువ్వు తెలిసే చేస్తివి. ఆ మాట కడుపులో పెట్టుకోని ఆయింట్లో టీ ఎట్లా తాగుతాండావయ్యా?"

"చెప్తే షాపుకు చెప్తారు. పని పోతాది."

"పోతే పోనీ. పని పోయినోళ్ళు బతకడంల్యా? మీ నాయిన బతికుంటే నీ చెవి మెలేసి చెప్పించుండును."

మూడో శుక్రవారం దస్తగిరి చెప్పాలనే వెళ్ళాడు. వెళ్ళేసరికి సెవ్దా తనే మాట అందుకుంది. కచేరీవాళ్ళకు ఫోన్ చేసి చెప్పేసిందట, ఇది వాయించను, వేరే ఏదైనా వాయిస్తాను అని. అయినా ఒక్కసారి ప్రయత్నిద్దాం అంది. దస్తగిరి దించాడు. ఆమె వాయించింది. దస్తగిరికి ఇదేనేమో అనిపించింది.

"ఇదేనా మేడమ్?"

సెవ్దా కళ్ళు మూసుకుని ఇంకోసారి వాయించింది. మళ్ళీ వాయించింది. మళ్ళీ. ముఖం పాలిపోయింది. "తెలియడం లేదు" అంది. "నిజంగా తెలియడం లేదు ఉస్తా. మొదటి శుక్రవారం కాదు అని గట్టిగా చెప్పగలిగాను. అప్పుడు నాన్నది నా చెవిలో ఉంది. ఇన్ని తప్పులు విన్నాక ఇప్పుడది కూడా పోయింది. వెతుకుతుంటే పోయింది."

దస్తగిరి తన చెవిలో వెతుక్కున్నాడు. అక్కడా లేదు. కాశింసాబు ఆలాపన కూడా ఇప్పుడు ఏ వాలులో ఉండేదో గట్టిగా చెప్పలేడు. ఆ మూడు వారాల్లో యాభై అరవై వాలులు దాని మీద పడి తొక్కేశాయి. అతను చావి కింద పెట్టి నేల మీద కూర్చుండిపోయాడు.

"మేడమ్, నాకు తెలీదని మీరనుకుంటాండారు. నాకు తెలుసు. ఆ దినం వింటి. మా నాయిన సన్నాయి ఊదేవాడు, ఆయప్ప స్వరం అట్లనే వాలేది. ఎవరో కావాలని దించినారని తెలిసింది, తప్పు కాదని తెలిసింది. సూది ఎర్రగుండాదని, ఫోటో తక్కువైతాదని తెలిసే పైకి లాగితి."

అతుకుల ఇంగ్లీషులో సొంత మాటలు కలిసిపోయాయి, ఆమెకు అర్థమైనదెంతో, కానిదెంతో. సెవ్దాకు కోపం వచ్చి ఉంటుంది, రాకుండా ఎలా ఉంటుంది. అయినా అడిగింది, "ఎలా ఉండింది? ఆ రోజు నువ్వు విన్నప్పుడు?"

"ఏడవబోయి ఆపుకున్నట్టుండె."

"అవును" అంది. "అలాగే ఉండేది." కళ్ళ నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. "అయితే నాన్నను ఆఖరిసారి విన్నది నువ్వు."

అంతకంటే పెద్ద మాట దస్తగిరిని ఎవరూ అనలేదు, అంత బరువైనదీ అనలేదు.

కాసేపటికి ఆమె లేచి, అతని ఫోన్ అందించింది. సూది పెట్టు, అంది. ఎనభై ఎనిమిదీ ఎలా ఉండాలో అలా పెట్టెయ్యి. ఇలా సగం సగం ఉంటే రోజూ వెతుకుతూనే ఉంటాను, వెతికే కొద్దీ ఆయన ముఖం కూడా మరిచిపోతానేమో.

"నావల్ల కాదు మేడమ్. ఇంకోసారి నా చేత్తో చెయ్యలేను. షాపు నుంచి వేరేవాణ్ణి పంపిస్తా."

"నువ్వే చెయ్యాలి. నువ్వు విన్నావు కాబట్టి." ఆమె కుర్చీ పియానో పక్కకు లాక్కుని కూర్చుంది. "దుబాయ్‌లో నా విమానం ఆలస్యమైంది. నేను వెళ్ళేసరికి నాన్నను పూడ్చేశారు. ఈ మెట్లు మొదటిసారి పోయినప్పుడూ నేను ఇంట్లో లేను. ఈసారి ఉంటాను."

దస్తగిరి చావి పట్టుకున్నాడు. ఒక్కో మెట్టుకు మూడు తీగలు, మూడు మెట్లకు తొమ్మిది తీగలు. మామూలుగా పది నిమిషాల పని, ఆ రోజు గంట పట్టింది. ఒక్కో తీగ పైకి లేస్తుంటే సెవ్దా తల తిప్పుకోకుండా విన్నది, ఒక్కసారి కూడా ఆపమనలేదు. ఆఖరి తీగ దగ్గర దస్తగిరి చెయ్యి నిలిచిపోతే, "పూర్తిగా" అని మాత్రం అంది. తెర పచ్చగా వెలిగింది.

సెవ్దా రెండు చేతులూ చాచి, పోయినవాళ్ళ కోసం చదివే ఫాతెహాను పెదవుల మీదే మొదలుపెట్టింది. దస్తగిరి మోకాళ్ళ మీద ఉన్నవాడు ఉన్నట్టే చేతులు చాచి ఆమెతో కలిశాడు. పళ్ళ సందుల్లోంచి గాలి పోతూ మాటలు తడబడ్డాయి. చదవడం అయ్యాక ఇద్దరూ అరచేతులు ముఖానికి అద్దుకున్నారు. ఆమె చేతులు దించింది. అతను దించలేదు, వాటి వెనకే ముఖం దాచుకుని చాలాసేపు ఏడ్చాడు.